మూగాకు పక్క బల్ల

మూడో తరగతి టీచరమ్మ ఆ మొక్కను బడికి తెచ్చిన రోజు ఆటో వెనక సీటంతా అదే ఆక్రమించుకుంది, ఆమె ఓ మూలకి ఒదిగి కూర్చుంది. నడుమెత్తు మొక్క. వెడల్పాటి పచ్చటి ఆకులు, ఆకు మధ్యలో పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చలు. ఏడాది పొడుగునా ఒక్కలాగే ఉంటుంది. చలికి వడలదు, ఎండలకి రాలదు, వెలుతురు సరిగా పడని గదిలో పెట్టినా బతికేస్తుంది. అలాంటిది, ఆమె భర్త పోయిన నాలుగు నెలలకు దాని కింది ఆకులు పసుపెక్కడం మొదలుపెట్టాయి. నీళ్ళు తక్కువై కాదు, ఎక్కువై. ఇంట్లో చేతికి ఇంకే పనీ తోచక ఆమె పొద్దున లేవగానే ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి దానికి నీళ్ళు పోస్తూ వచ్చింది.

"ఇంట్లో ఉంటే దీన్ని నా చేతులతో నేనే చంపేస్తాను" అని తోడికోడలితో ఫోనులో అని, మర్నాడు బడికి పట్టుకొచ్చేసింది.

ఆ తొట్టి గురించి కూడా చెప్పాలి. మామూలు మట్టి తొట్టే. కానీ దాని అంచు చుట్టూ తెల్ల రంగుతో రాసిన పేర్లున్నాయి. ఆయన రాసినవి. భూమి కొలతల ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆయనది, అందుకే అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. ఇంటికి ఎవరొచ్చినా, మంచినీళ్ళు అందించేలోపు, "మీ వైపు దీన్నేమంటారండీ?" అని అడిగేవారు. వాళ్ళు చెప్పిన పేరు తొట్టి మీదికెక్కేది. గోడలకి రంగులేసే మేస్త్రి 'మూగాకు' అన్నాడు. దాని కాడ నమిలితే నాలుక వాచి మాట పడిపోతుందట. పైపులు బాగుచేసే అతను మచ్చలు చూసి 'చిరుతాకు' అన్నాడు. పక్కింటావిడ 'నోరుమూత' అంది. ఆయన తమ్ముడు తన పెళ్ళాం వింటుండగా 'అత్తగారి నాలుక' అన్నాడు. ఆ మాట లోపల ఉన్న అత్తగారి, అంటే వాళ్ళమ్మ చెవినే పడింది. "నా నాలుకకే అంత పదునుంటే నువ్విలా తయారయ్యేవాడివేంట్రా" అంటూ ఆవిడ బయటికొచ్చింది. ఆయన పడీపడీ నవ్వి ఆ పేరునీ రాసుకున్నారు.

టీచరమ్మ మాత్రం ఇంట్లో ఏ పేరూ పెట్టి పిలవలేదు. ఆయనతో ఎప్పుడూ 'మీ మొక్క' అనేది.

తరగతిలో కిటికీ వైపు మూల ఒంటిబల్ల ఒకటి ఖాళీగా ఉంటే, దాని పక్కన పెట్టించింది. పెట్టిన రోజే పిల్లలందరినీ నిలబెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "దీన్ని చూడొచ్చు. ముట్టుకోకూడదు. ఆకు గానీ కాడ గానీ నోట్లో పెట్టారంటే నాలుక వాచిపోతుంది, మాట పడిపోతుంది. అందుకే దీన్ని మూగాకు అంటారు. అర్థమైందా?"

అర్థమైంది. చేతులు లేచాయి.

"పూర్తిగా పడిపోతుందా టీచర్?"

"మళ్ళీ వస్తుందా?"

"మా అన్నయ్యకి పెట్టొచ్చా టీచర్?"

నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె పెదవి మీద నవ్వు కదిలింది. అంతలో గంట కొట్టారు. మాట మళ్ళీ వస్తుందా అన్న ప్రశ్నకి జవాబు అలాగే ఉండిపోయింది.

ఆ ఒంటిబల్ల ఒక పద్ధతిగా ఎప్పుడు మారిందో ఆమె కూడా చెప్పలేదు. ఎవడో గోల చేస్తుంటే, "పో, మూగాకు పక్కన కూర్చో, కాస్త దాని గాలి తగులుతుంది" అంది సరదాకి. వాడు ఐదు నిమిషాలు బుద్ధిగా కూర్చున్నాడు. తరగతంతా ఊపిరి బిగబట్టి చూసింది. అంతే, అలవాటైపోయింది. తిట్టక్కర్లేదు, బెత్తం మాట అసలే లేదు. వేలు ఆ మూలకి చూపిస్తే చాలు, చీమ చిటుక్కుమన్నా వినిపించేది. పిల్లలకి పెద్ద టీచర్, టీచర్లకి మేడమ్ అయిన ప్రధానోపాధ్యాయురాలు ఓ రోజు వరండాలో ఆగి, "మీ క్లాసు దాటుతుంటే నా చెవులు పనిచేస్తున్నాయా లేదా అని అనుమానం వస్తోందండీ" అంది మెచ్చుకోలుగా. ఆ నిశ్శబ్దం టీచరమ్మకి అక్కరకొచ్చింది. పిల్లల గోలంటే ఒకప్పుడు ఆమెకి ప్రాణం. ఇప్పుడది ఇనప రేకు మీద రాళ్ళు పోసినట్టుండేది.

ఆ బల్లని దాదాపు సొంతం చేసుకున్న పిల్ల ఒకతి ఉంది. వసపిట్ట. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. బళ్ళో చేర్పించినప్పుడే వాళ్ళమ్మ, "నోరొక్కటే కొంచెం ఎక్కువండీ, మిగతావన్నీ అందరి పిల్లల్లాగే" అని ముందుగా ఒప్పేసుకుంది. నిజమే. ఎక్కం అప్పగించమంటే మూడో మెట్టు దగ్గర ఆగి వాళ్ళ నాన్న నడిపే బస్సులో ఎన్ని సీట్లో చెప్పేది. అక్కణ్ణించి బస్సు కింద దూరిన పిల్లి దగ్గరికి, పిల్లి నుంచి వాళ్ళమ్మ మిషను మీద కుడుతున్న లంగా రంగు దగ్గరికి. మూగాకు పక్కన కూర్చోబెడితే మొక్కతో మాట్లాడేది.

"టీచర్, దీనికిన్ని పేర్లున్నాయి కదా. మరి ఏ పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది?"

"నువ్వు నోరు మూస్తే పలుకుతుంది."

"మూశాను టీచర్. పలకలేదు. మళ్ళీ మూయనా?"

ఆ పిల్లకి ఇంకో అలవాటు ఉంది. పొద్దున టీచరమ్మ గుమ్మంలో అడుగుపెట్టగానే మొహంలోకి చూసి, "ఇవాళ తలనొప్పి ఉందా టీచర్?" అని అడిగేది. ఆయన పోయినప్పుడు పదిహేను రోజులు సెలవు పెడితే, పిల్లలకి తలనొప్పి అనే చెప్పారు. చిన్నపిల్లలకి చావు మాటెందుకని పెద్ద టీచర్ అంది, టీచరమ్మ సరేనంది. ఆ తర్వాత అదే వాడుకైపోయింది. కళ్ళు ఎర్రగా ఉంటే తలనొప్పి. పాఠం మధ్యలో నల్లబల్ల వైపు తిరిగి కాసేపు అలాగే ఉండిపోతే తలనొప్పి.

ఓ బుధవారం, రెండో పీరియడు మధ్యలో, ఆయన ఆఫీసు నుంచి ఒక మనిషి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన సొరుగులో మిగిలిపోయిన వస్తువులట. సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళేదాకా ఆగుదామనుకుంది. ఆగలేక మూత తీసింది. స్కేళ్ళు, సన్న మొన పెన్నులు, వాటి కింద కళ్ళజోడు. ఆ కళ్ళజోడు కోసం ఇల్లంతా మంచాలు జరిపి వెతికారు. అద్దం మీద ఆయన బొటనవేలి ముద్ర ఇంకా ఉంది.

సరిగ్గా అప్పుడే వసపిట్ట నోటుబుక్కుతో వచ్చి నిలబడింది. "టీచర్, మొదటి లెక్క అయిపోయింది, రెండోది నాకు రాదని కాదు గానీ మామిడిపళ్ళు ఏడుగురికి పంచమన్నారు కదా, ఒకడికి మామిడిపండంటే ఇష్టం లేదనుకోండి, అప్పుడు... అదెవరి కళ్ళజోడు టీచర్? మీకు పెద్దదేమో... మా తాతయ్యకి కూడా..."

టీచరమ్మ చెయ్యెత్తి కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. రెండు చేతులూ జోడించింది.

"నీకు దండం పెడతాను తల్లీ. నువ్వు మాట్లాడుతుంటే నా తల పగిలిపోతోంది. నా కోసం, ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు మాట్లాడకుండా ఉండలేవా?"

వసపిట్ట ఆమె జోడించిన చేతుల్ని చూసింది. "ఒక్కరోజంటే బడి అయిపోయేదాకానా టీచర్, లేక ఇంటి దగ్గర కూడానా?"

ఆమె కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూత మూసేసింది. పిల్ల వెళ్ళి తన చోట కూర్చుంది.

మర్నాడు పొద్దున హాజరు తీసుకుంటుంటే ఆ పిల్ల ఒంటిబల్ల మీద ఉంది.

"నిన్నెవరు పంపారక్కడికి?"

పెదాలు బిగించి నవ్వింది. అంత గర్వంగా నవ్వడం టీచరమ్మ ఎప్పుడూ చూడలేదు. తరవాతి పేరు పిలిచింది, దాని తరవాతిది. అంతలో ఆ నవ్వు వంకరపోయింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి చొంగ కారుతోంది, కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి, గొంతులోంచి మాట కాని శబ్దం ఏదో వస్తోంది.

"టీచర్! వసపిట్ట మూగాకు తినేసింది!" అని పక్క వరసలోంచి ఎవరో అరిచారు.

బల్ల కింద సగం కాడ పడి ఉంది, పంటిగాట్లతో.

తరవాతి అరగంటలో ఏ పని ఎవరు చేశారో టీచరమ్మకి సరిగా గుర్తులేదు. ఆయా నీళ్ళతో నోరు కడిగింది, చల్లటి పాలు పట్టబోయింది. పిల్లని ఎత్తుకుని వీధి చివరి ఆస్పత్రికి పరిగెత్తింది మాత్రం తనే. అక్కడ కుర్ర డాక్టరు నోట్లోకి లైటు వేసి చూస్తూ, "ఏ మొక్క?" అన్నాడు.

"మూగాకు."

"అంటే?"

ఆమెకి అసలు పేరు తెలియదు. పుస్తకాల్లో ఉండే పేరు ఎన్నడూ అడగలేదు. "నోరుమూత అంటారు. చిరుతాకు అంటారు. అత్తగారి నాలుక అని కూడా..." తొట్టి చుట్టూ తిరుగుతున్నట్టు ఒక్కోటీ అప్పగించింది. ఆకు ఎలా ఉంటుందో గాలిలో వేలితో గీసి చూపించింది.

"తెల్ల మచ్చలా? ఆ, తెలిసింది, మా వెయిటింగు హాల్లోనే ఉందొకటి" అన్నాడతను. "ఆకుల్లో కంటికి కనబడని సూదుల్లాంటివి ఉంటాయి. నమిలితే గుచ్చుకుంటాయి. ఊపిరికి అడ్డం రాకుండా చూసుకోవాలి, అంతే. వాపు మూడు నాలుగు రోజుల్లో తీస్తుంది. మాట ఎక్కడికీ పోదు."

వాళ్ళమ్మ వచ్చేసరికి మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, జాకెట్టు భుజానికి గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. కూతురి నాలుక చూసి గోడకి ఆనుకుంది. "ఎలా తిన్నదండీ? అన్నం తినడానికే దాన్ని బతిమాలాలి కదండీ" అంది.

ఆ సాయంత్రం పెద్ద టీచర్ ఒక కాగితం రాయించింది. మొక్క విషపుదని పిల్లలందరికీ ముందే హెచ్చరించడమైనదనీ, ఒక విద్యార్థిని తెలియక కొరికినదనీ. "సంతకం పెట్టండి. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడొద్దు. మీకున్న కష్టం చాలు." టీచరమ్మ చదివింది. తప్పులేమీ కనిపించలేదు. పెట్టింది. మొక్కని వాచ్‌మన్ తీసుకెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక పెట్టాడు.

డాక్టరు చెప్పినట్టే నాలుగో రోజుకి వాపు తీసింది. ఐదో రోజుకి పిల్ల మామూలుగా తింటోంది. కానీ మాట్లాడలేదు. ఆరో రోజూ మాట్లాడలేదు. టీచరమ్మ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల ఆమె మొహంలోకి తేరిపార చూసేది, ఏదో వెతుకుతున్నట్టు. చూసి, తల దించుకునేది.

"గొంతు శుభ్రంగా ఉందండీ, మాట్లాడాలి మరి" అన్నాడట డాక్టరు ఎనిమిదో రోజున, తనకే అంతుపట్టనట్టు.

"మా వీధిలో వాళ్ళు గుమ్మం దగ్గర ఆగి చెవి పెట్టి వింటున్నారండీ" అంది వాళ్ళమ్మ. మిషను పెడలు మీద కాలు ఉంది గానీ తొక్కడం లేదు. "ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయ్యిందా అని అడుగుతున్నారు. అది మాట్లాడుతున్నంత కాలం ఎప్పుడాపుతుందా అనుకున్నాను. నా నోటికే పురుగులు పడాలి."

"అలా అనకండి" అంది టీచరమ్మ.

తొమ్మిదో రోజు ఇంటర్వెల్‌లో, తరగతిలో ఒక్క పిల్లే మిగిలింది. పెన్సిలు అని పిలుస్తారు, అంత బక్కగా ఉంటుంది. వసపిట్ట పక్కన కూర్చునే పిల్ల. ఏడాది మొత్తం మీద పది మాటలు మాట్లాడి ఉంటుందేమో. వసపిట్ట మాట్లాడేది, ఇది వినేది, అలా ఆ జత కుదిరింది. అది టీచరమ్మ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, దానికి మాట ఎప్పుడొస్తుంది?"

"వస్తుందమ్మా."

"మీకు తలనొప్పి తగ్గాకనా?"

టీచరమ్మ చేతిలోని సుద్దముక్క కింద పెట్టింది. "నా తలనొప్పికీ దానికీ ఏంటమ్మా సంబంధం?"

"మీ కోసమేగా టీచర్ అది తిన్నది." పెన్సిలు మొహంలో, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్న ఆశ్చర్యం. "మీరు దండం పెట్టారుగా. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్తూ అది నోరు మూసుకుని చూసింది. మా వీధి మలుపు దాకా కూడా ఉండలేకపోయింది. దానంతట అదే వచ్చేస్తోంది ఏం చెయ్యనే అంది. అందుకని ఆకు తింటే రోజంతా ఉండొచ్చంది. నన్నూ సగం తినమంది. నేను తినలేదు టీచర్. నేను మామూలుగానే మాట్లాడనుగా."

పిల్ల కాసేపు నిలబడి, ఇక వెళ్ళొచ్చనుకుని వెళ్ళిపోయింది.

టీచరమ్మ కూర్చునే ఉంది. పాతిక సంవత్సరాలుగా ఆమె ఒకటే నమ్ముకుంది, పిల్లలకి ఏ మాట చెప్పినా కొలిచి చెప్పాలని. మొక్క గురించి కొలిచే చెప్పింది. మాట పడిపోతుంది, అంది. కొరకొద్దని భయపెట్టడానికి చెప్పిన ఆ మాటే ఒక పిల్లకి దారి చూపించింది. ఆ తర్వాత తనే చేతులు జోడించి ఆ దారిలోకి తోసింది. కాగితంలో 'తెలియక కొరికినది' అని ఉంది. తెలిసే కొరికింది. తను చెప్పిన పాఠాన్ని ఆ తరగతి మొత్తంలో అంత శ్రద్ధగా నేర్చుకున్నది ఆ పిల్లొక్కతే.

ఎనిమిదేళ్ళ పిల్ల, ఆ మంటని నోట్లో పెట్టుకుని, మొదటి నిమిషంలో నవ్వింది.

గంట కొట్టకముందే ఆమె పెద్ద టీచర్ గదికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది. "ఆ కాగితం మార్చాలండి."

పెద్ద టీచర్ లేచి తలుపు వేసింది. "మీకేమైనా మతిపోయిందా? అన్నంత మాత్రాన ఏమైంది? ఎవరం అనం? రోజుకి వందసార్లు అంటాం నోరు మూసుకోమని."

"నేను మూసుకోమనలేదండి. నా కోసం మాట్లాడకుండా ఉండమన్నాను."

"తేడా ఏంటి?"

"మూసుకోమంటే ఎవరూ మూసుకోరు."

పెద్ద టీచర్ నుదురు రుద్దుకుంది. మంచి మనిషే. ఆయన పోయిన రోజున టీచరమ్మ ఇంట్లో మొదట అడుగు పెట్టింది ఆవిడే. "చూడండి, ఆ తల్లికి ఈ మాట చెప్పారంటే పైకి రాస్తుంది. రాయకపోతే నేనే తప్పుపడతాను ఆమెని. విచారణంటారు, క్లాసు తీసేస్తారు. ఇంట్లో కూర్చుంటారా? ఆ ఇంట్లోనా?"

ఆ మాట గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. ఆ తరగతి లేకపోతే పొద్దున్నే లేచి తల దువ్వుకోవడానికి ఆమెకి ఇంకో కారణం లేదు. రెండు గదుల ఇల్లు, అరలో కళ్ళజోడు, అంతే.

"వసపిట్ట నా తలనొప్పి తగ్గేదాకా మాట్లాడకూడదనుకుంటోందండీ" అంది టీచరమ్మ. "నేను వెళ్ళినప్పుడల్లా నా మొహం చూస్తోంది. నా కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఇంకెవరు వెళ్ళి చెప్పినా ఆ పిల్ల నమ్మదు."

అక్కడే, ఆ బల్ల మీదే, తెల్లకాగితం తీసుకుని ఏడు లైన్లలో రాసి, సంతకం పెట్టి, పెద్ద టీచర్ ముందుకి జరిపింది. ఆవిడ దాన్ని చదవలేదు, చించనూ లేదు. దాని మీద చెయ్యి పెట్టి అలా కూర్చుంది.

వసపిట్ట ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. ముందుగదిలోనే మిషను, గోడకి మేకులకి తగిలించిన జాకెట్లు, కింద కత్తిరింపు గుడ్డలు. వసపిట్ట ఆ గుడ్డల మధ్య కూర్చుని రంగుల వారీగా ముక్కలు ఏరుతోంది. టీచరమ్మని చూడగానే లేచి నిలబడింది. మళ్ళీ అదే చూపు, మొహంలోకి.

టీచరమ్మ చెప్పులు విడిచి వెళ్ళి నేల మీద ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నిన్ను మాట్లాడకుండా ఉండమన్నాను చూడు. అది నేను అనకూడని మాట."

మిషను ఆగింది. "ఏ మాట?" అంది వాళ్ళమ్మ.

టీచరమ్మ తల తిప్పి ఆమెకి చెప్పింది. దండం పెట్టడం, నా కోసం అనడం, ఒక్కరోజు అనడం. పెన్సిలు చెప్పింది కూడా. దేన్నీ తగ్గించలేదు, తనని తాను తిట్టుకోవడానికి ఏదీ కలపనూ లేదు.

వాళ్ళమ్మ వేలికున్న తొడుగు తీసి మిషను మీద పెట్టింది. ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "నేనూ అంటానండీ. రోజుకి పదిసార్లు అంటాను, నోర్ముయ్యవే అని. నా మాట అది ఎప్పుడు విన్నది? ఒక్కసారి విన్నదా? మీ మాటైతే వింటుంది. మా టీచర్ అలా చెప్పింది, మా టీచర్ ఇలా చెప్పింది అని తెల్లారింది మొదలు నా ప్రాణం తీసేది. అంతగా వినే పిల్లతోనాండీ మీరు ఆ మాట అన్నది?"

"అవును" అంది టీచరమ్మ.

"తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులుగా నేను..." ఆమె ఆపేసింది. కుడుతున్న గుడ్డతోనే మొహం తుడుచుకుంది.

వసపిట్ట ఒకసారి వాళ్ళమ్మని, ఒకసారి టీచరమ్మని చూసింది. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. వచ్చిన గొంతు ఆ పిల్లది కాదు. చాలా రోజులు తెరవని తలుపు కిర్రుమన్నట్టుంది.

"తగ్గిందా టీచర్?"

వాళ్ళమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

టీచరమ్మకి 'తగ్గింది' అనేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాటతో పిల్ల నిశ్చింతగా ఉండేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ రేపు మళ్ళీ తన కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఎల్లుండి కూడా ఉంటాయి. అప్పుడీ పిల్ల ఏం చేస్తుంది?

"అది తలనొప్పి కాదమ్మా. నీకు నేను అబద్ధం చెప్పాను. మా ఆయన చనిపోయారు. అందుకని ఏడుపొస్తూ ఉంటుంది. ఆ తొట్టి మీద పేర్లు రాసింది ఆయనే."

పిల్ల చేతిలోని నీలం ముక్కని మడిచింది, విప్పింది.

"మేం గోల చేసినందుకా?"

"కాదు! కాదమ్మా. గుండె ఆగిపోయింది, ఆఫీసులో. మీ గోలకీ దానికీ ఏ సంబంధం లేదు."

"మరి నేను మాట్లాడితే మీకు ఎక్కువవదా?"

"ఒక్కోసారి చికాకు పడతాను. పడితే పడనీ. నువ్వు మాట్లాడటం మానక్కర్లేదు. నేను మళ్ళీ ఎప్పుడైనా మానమన్నా మానకు."

"ఆకు చాలా మంటగా ఉంది టీచర్" అంది వసపిట్ట. ఇప్పుడు ఏడుపు వచ్చింది, తొమ్మిది రోజులదీ ఒకేసారి. ఏడుస్తూనే చెప్పుకుపోయింది. "మొదట ఏమీ లేదు, పచ్చి కాయ కొరికినట్టుంది, తర్వాత వెయ్యి సూదులు, నాకు అమ్మ సూదుల డబ్బా తిన్నట్టనిపించింది, మీకు చెబుదామనుకున్నాను గానీ చెప్తే మాట్లాడినట్టవుతుంది కదా, అందుకని చెప్పలేదు..."

వాళ్ళమ్మ వచ్చి కూతుర్ని వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల నెత్తి మీదుగా టీచరమ్మ వైపు చూసింది. ఆ చూపులో క్షమ లాంటిదేమీ లేదు.

"ఈ మాట మీ పెద్ద టీచర్ ముందు కూడా చెప్తారా?"

"రాసిచ్చే వచ్చానండి."

"నేనూ రాయిస్తాను. వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి రాగానే."

"రాయించండి."

"టీచర్, మరి రేపు క్లాసుకి మీరే వస్తారా?" అంది వసపిట్ట, చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంటూ.

"తెలీదమ్మా. అది నా చేతిలో లేదు."

పిల్ల తల పైకెత్తి వాళ్ళమ్మని చూసింది. వాళ్ళమ్మ ఆ చూపు తప్పించుకుని లోపలికి వెళ్ళింది. ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. కూతురి నోటికి పెట్టి, "ముందు ఇవి తాగి ఏడు, గొంతెండిపోతుంది" అంది. టీచరమ్మని తాగుతారా అని అడగలేదు. కూర్చోమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. రెండు గుక్కల మధ్య వసపిట్ట ఆయన పేరేంటని అడిగింది. ఆఫీసులో ఏం చేసేవారని, పటాలంటే ఏం పటాలని అడిగింది. తొట్టి మీద అంత సన్నగా దేనితో రాశారని అడిగింది. టీచరమ్మ ఒక్కోదానికీ జవాబు చెబుతోంది.